అన్నయ్య కుర్చీ వెనక

ఆయన్ని ఆసుపత్రిలో అందరూ కాళ్ళ మేస్త్రీ అనేవారు. వెనకవైపు షెడ్డులో, ప్లాస్టర్ దుమ్ములో కూర్చుని, కాలు పోయినవాళ్ళకి కృత్రిమ కాళ్ళు చేసేవాడు. అచ్చు తీసి, మలిచి, తొడిగి చూసి, ఎక్కడైనా ఒరుసుకుంటే ఆకురాయితో అరగదీసేవాడు. కాలు సరిగ్గా అమరిందంటే ఆయన పని అయిపోయినట్టే. ఆ మనిషి తర్వాత నడిచాడో లేదో ఆయనకి తెలిసేది కాదు.

రిటైర్మెంటు దగ్గరపడేకొద్దీ ఆయనకి మాట తగ్గింది. అన్నం ముందు కూర్చుని చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయేవాడు.

"ఎందుకండీ అంత దిగులు?" అంది భార్య.

"దిగులు కాదే. షెడ్డు లేకపోతే నేనెవర్ని అని."

"నాకు మొగుడు. అది చాలదూ?" అని ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ రోజుల్లోనే వాళ్ళన్నయ్యకి షుగరు ముదిరి, పాదానికి పుండుపడి, మోకాలి కింద కాలు తీసేశారు. అన్నయ్యకి సెలూన్ ఉంది. వయసంతా కుర్చీ వెనక నిలబడే బతికిన మనిషి. గాయం మానగానే తమ్ముడు దగ్గరుండి కొలతలు తీసుకుని, మరెవర్నీ చెయ్యి పెట్టనివ్వకుండా కాలు చేసి తొడిగాడు. చక్కగా అమరింది.

కొన్ని వారాలకి చూడ్డానికి వెళితే ఆ కాలు మంచం కింద ఉంది.

"ఒక్కసారి పడ్డారయ్యా, అంతే. మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు" అంది వదిన.

"ఎక్కడైనా ఒరుసుకుంటోందా అన్నయ్యా?"

"నీ పనికి వంక పెట్టేదేముందిరా? కాలు బానే ఉంది. దాని మీద నిలబడే ధైర్యమే నాకు లేదు." అన్నయ్య గోడవైపు తిరిగాడు. "కాళ్ళు చెయ్యడం నీకు వచ్చు. పెళ్ళాం ముందు బోర్లాపడటం ఎలా ఉంటుందో నీకేం తెలుసు?"

ఆ మాట ముల్లులా దిగింది. తన చేతి మీదుగా వెళ్ళిన కాళ్ళలో ఎన్ని ఇలా మంచాల కింద పడున్నాయో అని దారంతా అదే ఆలోచన. మర్నాడు మిగిలిన సెలవంతా పెట్టేసి, బట్టలు సర్దుకుని అన్నయ్య ఇంటికి చేరాడు.

మంచం నుంచి వీధిగుమ్మం దాకా నడక. అన్నయ్య రెండు చేతులూ పట్టుకుని, తను వెనక్కి నడుస్తూ నడిపించేవాడు. అన్నయ్య తిట్టేవాడు, కాలు విసిరేసేవాడు. ఒకరోజు తూలి తమ్ముడి మీదే పడ్డాడు. ఇద్దరూ నేల మీద పక్కపక్కనే పడి, ఎవరు ముందు లేవాలో తెలీక అలాగే ఉండిపోయారు.

"దెబ్బ తగిలిందారా?"

"తగిలింది."

"ఊఁ" అన్నాడు అన్నయ్య. చెయ్యి ముందు ఆయనే చాచాడు.

ఒక ఉదయం సెలూన్ షట్టర్ ఎత్తారు. అన్నయ్య అద్దం ముందు కుర్చీ వెనక నిలబడి, దాని అంచు గట్టిగా పట్టుకున్నాడు. "కూర్చోరా" అన్నాడు. నురుగు పూసి, కత్తి తెరిచాడు.

"చెయ్యి జారితే పీక తెగుద్ది, ఆలోచించుకో."

"కానీ అన్నయ్యా. ఎలాగూ రిటైరవుతున్నవాణ్ణే."

"నోర్ముయ్. నురుగు నోట్లోకి పోద్ది."

అన్నయ్య బరువు ఒకసారి తమ్ముడి భుజం మీదికి ఒరిగింది, మళ్ళీ తేలికైంది. వెంట వచ్చిన వదిన వీధివైపు తిరిగి నిలబడింది. చెంప మీద కత్తి మెల్లగా దిగుతుంటే ఆయన కళ్ళు మూసుకున్నాడు.

అన్నయ్య మునుపటిలా రోజంతా చెయ్యలేకపోయాడు కానీ, పొద్దున్నపూట పాతవాళ్ళకి గడ్డాలు గీసేవాడు. తమ్ముడు రిటైరైన ఏడాదికి అన్నయ్య గుండె ఆగి చనిపోయాడు. ముందురోజు కూడా నిలబడే పనిచేశాడని వదిన వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

కొన్నాళ్ళు తమ్ముడు ఇల్లు కదల్లేదు. తర్వాత ఒకరోజు ఆసుపత్రికి వెళ్ళాడు. షెడ్డువైపు కాదు, కొత్త కాళ్ళవాళ్ళకి నడక నేర్పే గదికి. అక్కడి డాక్టరమ్మని, "రోజూ కాసేపు వచ్చి వీళ్ళతో నడవనా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ మూలనున్న ఒకావిణ్ణి చూపించింది. బస్సు ప్రమాదంలో కాలు పోయిన టీచరు. కడ్డీ పట్టుకుని వదలడం లేదు.

ఆయన వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. చాలాసేపటికి ఆవిడ ఒక చెయ్యి వదిలి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ పూటకి కదిలింది ఒక్క అడుగే. తర్వాత కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చి, పక్కన కూర్చున్నాడు.