శరత్ కోసం మొక్కిన మొక్కు

ఆఫీసులో ఎవరో అన్నవరం వెళ్ళొచ్చి ప్రసాదం పంచారు. పొట్లం విప్పగానే నెయ్యి, బెల్లం, వేడికి వాడిన ఆకు కలిసిన వాసన వచ్చింది. ఆ వాసనకి అందరికీ భక్తి పుడుతుంది కాబోలు, నాకు మాత్రం భయం వేస్తుంది.

పాలకొల్లులో మా తాతయ్యగారు నెలనెలా బస్టాండు కొట్లో కొని తెచ్చే పిల్లల పత్రికలో, నాకు చదవడం రాకముందు నుంచీ వస్తున్న సైన్సు బొమ్మల సీరియల్ ఒకటుండేది. శరత్ అనే వ్యోమగామి గ్రహం నుంచి గ్రహానికి ఒంటరిగా తిరుగుతుంటాడు, వెనకాలే ముఖం లేని నల్లటి జీవులు. శ్రావణం ముసురులో కరెంటు పోయి, పెరట్లో కప్పలు అరుస్తుంటే, ఆ జీవులు నూతి గట్టు వెనకే నక్కి ఉన్నాయని నేను గడప దాటేదాన్ని కాదు. అయినా కొత్త నెల వస్తే చాలు, తాతయ్యగారి చేతిసంచీకి నేనే ఎదురెళ్ళేదాన్ని. భయపడుతూనే ఆ కథని ప్రేమించాను.

చత్వారం వంకతో మా మామ్మ నాచేత పైకి చదివించుకునేది. పనసపొట్టు కొడుతూ వింటుంటే, శరత్‌కి ఆపద వచ్చినచోటల్లా కత్తి చప్పుడు ఆగిపోయేది.

ఒక వేసవిలో శరత్ ఓడలో గాలి అయిపోయింది. కళ్ళు మూసుకున్న బొమ్మ వేసి, మిగతాది వచ్చే నెల అన్నారు. నాకు ముద్ద దిగలేదు. శరత్ బతికితే వ్రతం చేయిస్తానని సత్యనారాయణస్వామికి మొక్కేశాను. బతికాడు. అసలు భయం అప్పుడు మొదలైంది. మొక్కు తీర్చకపోతే ఈసారి స్వామే శరత్‌ని తీసుకుపోతాడనుకుని జ్వరం తెచ్చుకున్నాను. చివరికి మామ్మ ఒళ్ళో తల పెట్టి అంతా చెప్పేశాను. మామ్మ నవ్వలేదు. తాతయ్యగారిని ఎలా ఒప్పించిందో గానీ, ముగ్గురం అన్నవరం కొండెక్కాం.

వాళ్ళిద్దరూ వ్రతానికి కూర్చున్నారు. ఎవరి గోత్రనామాలు వాళ్ళు చెప్పుకోమని పంతులుగారు మైకులో అన్నారు. శరత్‌కి ఇంటిపేరైనా ఎప్పుడూ రాయలేదు.

"గోత్రం తెలీదు మామ్మా," అన్నాను ఏడుపు గొంతుతో.

"మనదే చెప్పేద్దామే. ఆ గ్రహాల మీద వాడికి మాత్రం ఎవరున్నారు?" అంది మామ్మ.

బొమ్మల కథలంటే విసుక్కునే తాతయ్యగారు మా అందరి పేర్ల తర్వాత శరత్ పేరు కూడా గట్టిగా చెప్పారు.

ఇప్పుడు ఆ కొట్టు లేదు, మామ్మా తాతయ్యగారూ లేరు. శరత్ ఏదో చీకటి గ్రహం మీదికి దిగుతుండగా పత్రికే ఆగిపోయింది. తర్వాత ఏమయ్యాడో చెప్పినవాళ్ళు లేరు. గుళ్ళో అర్చన చేయించినప్పుడు మావారి పేరు, పిల్లల పేర్లు అయ్యాక, పుట్టింటి గోత్రంతో ఇంకో పేరు చెబుతాను. నాకు అన్నదమ్ములు లేరని తెలిసిన మావారు ఒకసారి ఆయనెవరని అడిగారు.

మా ఇంటి పిల్లాడేనండి, ఇంకా తిరిగి రాలేదు, అన్నాను.