ముగ్గురాయి గోడ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాంక్రీటు పనిలో ఉన్నవాడికి అది రోగమో అవసరమో ఇప్పటికీ తేల్చుకోలేదు. మంఖాల్ దగ్గర క్యాన్సర్ దవాఖాన కట్టేటప్పుడు మాత్రం రోజూ పనికొచ్చింది. అక్కడ నా వంతు, రోగులకు కిరణాలతో వైద్యం చేసే గది. మావైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు.

ఆ గది గోడలకు మామూలు కంకర చాలదు, ముగ్గురాయి, అదే బెరైటీస్, వాడాలి. చూడ్డానికి ఇంతే ఉంటుంది, ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. కొత్తూరు కాంక్రీటు ప్లాంటు నుంచి లారీ సగమే నిండి వస్తే మోసం చేశారని మావాళ్లు డ్రైవరు మీదికి పోయారు. ఆ రాయి బరువుకు అంతకుమించి నింపరని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రాయితో తొలిరోజుల్లో గోడకు బలం రాదు, అందుకని సిమెంటులో ఒక సన్నటి పొడి కలిపాం. పరీక్షకు దిమ్మలు పోసి, పగలగొట్టి, పాళ్లు కుదిరేదాకా నాకు నిద్ర లేదు. గోడలో ఎక్కడా డొల్ల ఉండకూడదు. ఉంటే అందులోంచి కిరణాలు బయటికొస్తాయి.

గోడకు మొదటి లారీ పోస్తున్నాం. సెంట్రింగ్ మేస్త్రి ఆ చుట్టుపక్కల ఊరి రైతు కుటుంబం మనిషి, నాకన్నా పెద్దవాడు. నా పక్కన నిలబడి ధీమాగా చెప్పాడు.

"పరేషాన్ కాకు సారూ, మూలకు నిమ్మకాయ ఏసిన. ఇగ ఏ దిష్టి తాకది."

వెంటనే పోత ఆపించాను.

"అది కుళ్లిపోతే అక్కడ డొల్ల కాదా మేస్త్రీ? బుద్ధుందా?" అని అందరిముందూ అరిచాను. ఎక్కువసేపు ఆగితే పోసింది గట్టిపడి గోడలో అతుకు మిగిలిపోతుంది. మేస్త్రి ఇనుప చువ్వల మధ్యకు దిగాడు. మోకాళ్ల మీద కూర్చుని, చేతులతో తోడి నిమ్మకాయ బయటికి తీశాడు. పోత మళ్లీ మొదలైంది.

సాయంత్రం కొళాయి దగ్గర మోచేతులు రుద్దుకుంటూ ఆయనే మాట కలిపాడు.

"ప్రతి స్లాబుకు ఏసేదే సారూ. గీడ జర ఎక్కువ మొక్కి ఏసిన. మా ఇంటామెకు ఇప్పుడు మందులు ఎక్కిస్తున్రు, ఈ గది అయినంక ఈ దవాఖానలనే కరెంటు పెడ్తరట. గోడ గట్టిగుంటె ఆమెకేం గాదు గదా?"

పొద్దున అరిచినందుకు సిగ్గేసింది. అవునని తలూపితే సరిపోయేది. కానీ అబద్ధం నోట రాలేదు.

"గోడ ఆమె కోసం కాదన్నా, బయట ఉన్నోళ్ల కోసం. కరెంటు పెట్టేటప్పుడు లోపల ఆమె ఒక్కతే ఉంటది."

ఆయన కొళాయి కట్టేశాడు. నెత్తి మీదుగా విమానం దిగుతుంటే ఆ చప్పుడు తగ్గేదాకా ఆగాడు.

"నేను ఇవతల నిలవడి మాట్లాడితె ఆమెకు ఇనవడుతదా సారూ?"

ఆ గోడలోంచి ఏదీ దాటకూడదని అన్నాళ్లు కొట్టుకులాడింది నేనే. వినపడదన్నా అని చెప్పాల్సివచ్చిందీ నేనే.