నాంపల్లి గదిలో మా ఇంటి వాసన

పోయినేడు పత్తి చేనుకు మందు కొట్టి వచ్చిన మా ఆయన వాకిట్లోనే కూలబడ్డాడు. నోట్లో చొంగ, ఒళ్ళంతా చెమట. తాండూరు దవాఖానలో బతికించారు. ఆ తర్వాత చేను కౌలుకిచ్చేశాం, ఆయన మళ్ళీ మందు కొట్టే పంపు ముట్టలేదు. అయినా తలనొప్పి పోలేదు, చేతుల వణుకు పోలేదు. వింతేమిటంటే, కూతురింట్లో నాలుగు రోజులుంటే మనిషి తేటపడతాడు. ఇంటికి రాగానే మళ్ళీ మొదలు. "నా చేతి వంట పడదు, బిడ్డ వంట పడుతది" అని దెప్పేదాన్ని. లోపల మాత్రం ఒకటే భయం, తలలో ఏదో చెడిపోయిందేమో, ఇక బాగుపడడేమో అని. అది తేల్చుకోవడానికే ఆబిడ్స్‌లో నరాల డాక్టరు దగ్గరికి బయలుదేరాం.

ఇల్లు చూసుకోవడానికి మా బిడ్డ కవిత ముందురోజే వచ్చింది, తన నాలుగేళ్ళ కూతురు చిట్టిని తీసుకొని. తెల్లవారుజామున మేము గడప దాటుతుంటే చిట్టి వెళ్ళి తాత నులకమంచం మీద ముడుచుకుని పడుకుంది. దుప్పటి కప్పి వచ్చాను.

తాండూరులో రైలెక్కితే కూర్చోవడానికి చోటు దొరికింది. వికారాబాద్‌లో కొత్తిమీర మూటతో ఒకామె ఎక్కి మా ఎదుట కూర్చుంది. మా ఆయన చేతుల వంక చూసి, "ఏందక్కా, రైలు కంటె అన్న చెయ్యే ఎక్కువ ఊగుతుంది" అంది.

"పత్తికి మందు కొట్టి గిట్లైండు చెల్లె."

"ఈ కొత్తిమీరకు సుత కొట్టినమే. ఆకుకు బొక్క కనవడితే పట్నపోళ్ళు మొకం తిప్పుకుంటరు మరి" అని నవ్వుతూ అవే చేతులతో కళ్ళు నలుపుకుంది. మా ఆయన సీసా మూత తీసి, కిటికీ పక్కన ఆమె చేతుల మీద నీళ్ళు పోశాడు. మాకు తాగడానికి మిగల్లేదు, దారంతా దాహమే.

నాంపల్లిలో రైలు ఆఖరు, దిగడానికి తోసుకోనక్కర్లేదు. స్టేషన్ బయట బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. ఆబిడ్స్ నడిచిపోయేంత దూరమే, కానీ ఆ రోడ్లు దాటడం ఈయన వల్ల కాదని ఆటో మాట్లాడాను. డాక్టరమ్మ చిన్నవయసుది. కళ్ళలో లైటు వేసి చూసింది, చేతులు చాపమంది.

"ఇప్పుడు గూడ మందు కొడుతున్నరా?"

"లేదమ్మా."

"చేను దిక్కు పోతరా?"

"కౌలుకిచ్చినం. పోను."

రక్తం తీయించి, సాయంత్రం నాలుగింటికి రమ్మంది. అంతదాకా ఈయనను కూర్చోబెట్టలేక స్టేషన్ రోడ్డుకు తిరిగొచ్చి, ఒక లాడ్జిలో పూటకు గది తీసుకున్నాం. కౌంటర్ దగ్గరున్న మేనేజరు నర్సింగ్ మహా మాటకారి. "మేడ మీద రూమమ్మా. ఫస్ట్‌క్లాస్ నిద్ర వడుతది, ఫికర్ చెయ్యకు" అని తాళం చేతిలో పెట్టాడు.

మంచం మీద వాలగానే మా ఆయన, "ఏమే, మనింట్ల పండుకున్నట్టే ఉంది" అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. అక్కడే నాకు అనుమానం మొదలైంది. ఊరు కాని ఊరు, కిరాయి గది, ఇది మా ఇల్లులా ఎలా ఉంటుంది? దుప్పటి, దిండు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మా ఇంట్లో ఉండే అదే వాసన. పరుపు ఎత్తితే మంచం పట్టీల దగ్గర ఇంకా ఘాటుగా కొట్టింది. గబగబా కిందికి దిగాను.

"ఆ గదిల ఏం కొట్టినవ్ అన్నా?"

"నల్లులకమ్మా. జర వాసనొస్తది, పొద్దుగూకితె పోతది."

"ఏ మందు?"

సంకోచిస్తూనే కౌంటర్ కింది నుంచి సీసా తీసి చూపించాడు. నాకు అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ దాని మీది ఎర్ర గుర్తు చదువు లేకపోయినా తెలుస్తుంది. మా ఆయన చేనుకు కొట్టిన మందే.

"ఇది పత్తికి కొట్టేది! మనుషులు పండే మంచానికి పోస్తవా? నీకేమన్న బుద్ధుందా?"

"చేనుల పురుగు చచ్చినప్పుడు నల్లి చావదా అమ్మా? మా నౌకరు పోరడు సుత కండ్లు మండుతున్నయ్ అన్నడు, పని ఎగ్గొట్ట బహానా చేస్తున్నడనుకున్న" అని నెత్తి గోక్కున్నాడు.

వెనకే మెట్లు దిగి వచ్చిన మా ఆయన నెమ్మదిగా అన్నాడు. "ఆయననెందుకు తిడ్తవ్? నేను సుత గదే చేస్త. సీసాల మిగిలింది మంచం కోళ్ళల్ల, నులక సందులల్ల పోస్త. అంత పిరమైన మందు పారవోస్తమా?"

ఏడాదిగా రోజూ ఆయన తలపెట్టి పడుకుంటున్న మంచం అది. ఇప్పుడు దాని మీద చిట్టి ఉంది.

ఫోన్ చేస్తే కవితది స్విచ్ఛాఫ్. ఊళ్ళో కరెంటు పోతే ఇదే తంతు. పక్కింటి వాళ్ళ నంబరు మా దగ్గర లేదు. గది వదిలేశాం. నర్సింగ్ పైసలు వాపసిచ్చి, పోరణ్ణి పిలిచి కిటికీలు తెరిపించి, మంచాలు డాబా మీదికి ఎక్కించమన్నాడు. మేము స్టేషన్ బల్ల మీద కూర్చున్నాం. నేను నిమిషానికోసారి ఫోన్ నొక్కడం, ఆయన నా మొహం చూడడం. కట్టుకొచ్చిన జొన్నరొట్టె విప్పలేదు.

నాలుగింటికి డాక్టరమ్మ కాగితం చూసి, "మందు ఇంకా ఒంట్లకు పోతనే ఉందే" అంది. మంచం సంగతి చెప్పాం. కలం కింద పెట్టేసింది. "అది ఆగితే మెల్లమెల్లగ తగ్గుతది పెద్దాయనా, భయపడకు. ఆ మంచం ఇంట్ల ఉంచొద్దు, కాల్చొద్దు. మిగిలిన మందు కాలువల పోయొద్దు, సీసా కడిగి వాడొద్దు. వ్యవసాయ ఆఫీసరునడిగి ఆయన చెప్పినట్టు చెయ్యిండ్రి. పిల్లల్ని మాత్రం దగ్గరికి రానియ్యకుండ్రి, వాళ్ళకు తొందరగ ఎక్కుతది."

బాగుపడతాడన్న మాటకు ఏడాదిగా కాచుకున్నాను. తీరా విన్నాక సంతోషించే తీరిక లేదు.

తిరుగు రైల్లో నిలబడే వచ్చాను, కూర్చుంటే కాళ్ళు ఊరుకోవడం లేదు. శంకర్‌పల్లి దాటాక సిగ్నల్ పోయింది. వికారాబాద్‌లో మొదటిసారి రింగయింది.

"కవితా, చిట్టేదే? మంచం మీది నుంచి దించు!"

"ఏ మంచం? అది పొద్దున లేవంగనే దిగింది. తాత మంచం కంపు కొడుతుందంట. వాకిట్ల చాప ఏస్కొని ఆడింది పొద్దంత. ఏమైందమ్మా?"

"దానికి మొకం, చేతులు, ఒళ్ళు సబ్బుతోని కడుగు. అంగీ మార్చు. తలనొప్పి, వాంతి ఏమన్న ఉన్నదా? ఉంటే ఇప్పుడే దవాఖానకు తీస్కపో."

"ఏం లేదే, అన్నం తిని ఎగురుతుంది. ఇప్పుడే కడుగుత."

అప్పుడు కూర్చున్నాను. ఏడాది పాటు ఇద్దరం పీల్చి ఇంటి వాసన అనుకున్నదాన్ని ఆ పిల్ల ఒక్క పొద్దులో కంపు అంది. ఆ దారిన వెళ్ళే వాళ్ళకు నేను చెప్పేది ఇంతే. నాంపల్లిలో గది తీసుకుంటే ముందు పరుపు ఎత్తి వాసన చూడండి. ఇంటికొచ్చాక మీ మంచమూ చూడండి.

మా ఆయన, "మరి ఇయ్యాల నేనేడ పండాలె?" అన్నాడు.

"చిట్టినడుగు. చాప మీద జాగ ఇస్తదేమో" అన్నాను, రొట్టె మూట విప్పుతూ.