ఖాదర్ గారి కార్డు

నలభై ఏళ్లకు పైగా ఈ మాట నా లోపలే ఉండిపోయింది. నా పిల్లలకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు మా వారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అప్పుడు బందరులో ఉండేవాళ్లం. రక్తం శుభ్రం చేయించుకోవడానికి వారానికోసారి మద్రాసు వెళ్లాలి. అక్కడి ఆసుపత్రిలో అందుకు ఉన్నది ఒక్కటే యంత్రం. సోమవారం మా వంతు. గురువారం, మా బందరులోనే చిలకలపూడి వైపు ఉండే ఖాదర్ గారిది. గిల్టు నగలకు మెరుగు పెట్టడం ఆయన పని. ఒకే ఊరివాళ్లం కావడంతో నన్ను చెల్లెమ్మా అని పిలిచేవారు.

ఇద్దరికీ రోజుకు రెండు గ్లాసుల నీళ్లే. మా వారు దాహానికి తాళలేక తడిగుడ్డ పెదాలకు అద్దుకుంటూ నా మీద విసుక్కునేవారు. ఖాదర్ గారు మాత్రం నిమ్మచెక్క చప్పరిస్తూ, "కుండ దగ్గరికి వెళ్తే మా ఆవిడ నన్ను దొంగని చూసినట్టు చూస్తోంది చెల్లెమ్మా" అని నవ్వించేవారు.

ఒక శనివారం ఆసుపత్రి నుంచి మాకు కార్డు వచ్చింది. గురువారం యంత్రం విప్పి బాగుచేస్తారట. అందుకని ఖాదర్ గారిని కూడా సోమవారమే రమ్మన్నారు. మా వంతుకు ఉండే ఎనిమిది గంటలూ ఇద్దరికీ చెరిసగం.

మా వారి కాళ్లు అప్పటికే స్తంభాల్లా వాచి ఉన్నాయి. పడుకుంటే ఊపిరి అందక కూర్చునే కునుకు తీస్తున్నారు. సగం సరిపోతుందా? కార్డు చీరల కింద దాచేశాను.

సాయంత్రం ఖాదర్ గారు తన కార్డు పట్టుకొచ్చారు.

"ఇంగ్లీషులో ఉంది చెల్లెమ్మా. ఏం రాశారో కాస్త చూసి చెప్పండి."

చూశాను. రెండుసార్లు చూశాను.

"ఏం లేదన్నయ్యా. మామూలుగా గురువారమే రమ్మన్నారు."

"ఆ మాత్రం దానికి కార్డెందుకండీ!" అని నవ్వి, జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

వెనక్కి పిలవచ్చు. ఆదివారమంతా ఉంది. చిలకలపూడి ఎంత దూరం? భయంతో చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. భయపడే మనిషి అంత తేలిగ్గా అబద్ధం చదవగలదా?

సోమవారం మా వారికి ఎనిమిది గంటలూ దక్కాయి. తిరుగు రైల్లో ఇడ్లీ అడిగి తిన్నారు. గురువారం ఖాదర్ గారు వెళ్లేసరికి యంత్రం విప్పేసి ఉంది. మర్నాడు అక్కడే పోయారు.

కబురు విని మా వారు ఏడ్చారు. కాసేపటికి, "ఆ గురువారం వంతు మనకిస్తారేమో" అని, అన్నందుకు సిగ్గుపడి తువ్వాలుతో మొహం కప్పుకున్నారు. ఇచ్చారు. అయినా నాలుగు నెలలే బతికారు.

ఖాదర్ గారి భార్య ఫాతిమా ఆ కార్డు తీసుకుని మా ఇంటికి వచ్చింది. సోమవారమని రాసి ఉందని మద్రాసులో ఎవరో చదివి చెప్పారట. "మీరేం చెప్పారక్కా?" అని అడిగింది. ఆమె గొంతులో అనుమానం లేదు.

"సోమవారమనే చెప్పానమ్మా" అన్నాను.

ఆమె తలూపింది. "ఆయనంతే. సగం విని సగం వదిలేస్తారు."

చచ్చిపోయిన మనిషి మీదకు నెట్టేశాను. బతికున్నంత కాలం ఆమె భర్తనే తప్పుపట్టింది. నేను వింటూ ఊరుకున్నాను. ఇప్పుడామె కూడా లేదు. క్షమించమని ఎవరిని అడగను? అడిగే అర్హత ఉందా? ఒక్క మాట మాత్రం చెప్పేసి పోవాలి.

ఖాదర్ గారు సరిగ్గానే విన్నారు. నేనే తప్పు చదివాను. కావాలనే.