ఎనభై దాటితే ఊగే కారు

సముద్రం పక్క ఊళ్లలో ఇనుముకి ఆయుష్షు తక్కువ. కిటికీ ఊచలు, సైకిలు చువ్వలు, గోడకి కొట్టిన మేకులు, అన్నీ ఉప్పుగాలికి పొట్టు రాలిపోతాయి. అలాంటి చోటికి తెచ్చి ఉక్కు కర్మాగారం కడుతున్నారేమిట్రా అని విశాఖపట్నంలో నవ్వుకున్నవాళ్లున్నారు. గవర్రాజు నవ్వలేదు. అతనికి అన్నం పెట్టింది ఆ తుప్పే. ద్వారకా నగర్ వెనక సందులో అతని షెడ్డు. ఏటా దసరా ముందు కార్లు అక్కడ వరస కట్టేవి. వాడేసిన ఇంజనాయిలు పిచికారీలో పోసి, కారు అడుగుభాగమంతా తడిసి కారేలా కొట్టేవాడు. నూనె పట్టిన ఇనుముని గాలి ముట్టదు. పద్నాలుగేళ్లుగా అదే అతని పరపతి. జనం ఇంటిపేరు మరిచిపోయి నూనె గవర్రాజు అనేవారు.

పందొమ్మిది వందల ఎనభై మూడు వేసవిలో, అతని అక్క అసిరమ్మ పెనిమిటి ఎల్లారావు ఒక తెల్ల అంబాసిడర్ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. కర్మాగారం పనులకి కంకర తోలే కాంట్రాక్టరు భీమశంకరరావు దగ్గర డ్రైవరతను. యాభై దాటిన మనిషి.

"ఎనభై దాటితే సాలు గవర్రాజూ, తోక జాడిత్తంది. ఊళ్లో తిప్పితే ఏటీ నేదు. బాబుగారేమో నా సేతులు వణుకుతన్నాయంటన్నారు. తాగి తోల్తన్నానంట! కల్లు మానీసి తొమ్మిదేళ్లయింది, నీకు తెల్దేటి?"

"అక్కకి భయపడి మానీసినావు. అదీ గొప్పేనేటి బావా?"

"నవ్వు, నవ్వు. ఇది బాగవకపోతే వారం తిరక్కండా నన్ను మానిపించేత్తాడు. ఈ వయసులో నాకు స్టీరింగెవుడిత్తాడు?"

అప్పటికే టైర్లు మార్చారు. షాకబ్జర్లు కొత్తవి వేశారు. ఊగుడు పోలేదు. గవర్రాజు తనే స్టీరింగు పట్టుకుని, బావని పక్కన కూర్చోబెట్టుకుని, గాజువాక దాటించి అనకాపల్లి రోడ్డెక్కించాడు. అరవై, డెబ్బై, బాగానే ఉంది. ఎనభై రెండు దగ్గర కారు ఒళ్లు విరుచుకుంది. స్టీరింగు చేతిలో బిగువుగానే ఉంది; కదిలింది నడుం కింద. ముందు చక్రాలు చెప్పిన మాట వింటున్నాయి, వెనకవి వినడం లేదు.

"నీ సేతులది కాదు బావా. జబ్బు ఎనకాల ఉంది."

ఎల్లారావు తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. "ఆ ముక్క బాబుగారితో సెప్పు. అదొక్కటీ సాలు."

గవర్రాజు దారిలో కిళ్లీకొట్టు దగ్గర ఆగి కాస్త సున్నం అడిగి తీసుకున్నాడు. కారు కిందికి దూరి, వెనక ఇరుసుని మోసే ఉక్కు పట్టీల కమాన్ కట్ట చివరా, దాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బిళ్ల మీదా కలిపి ఒకే గీత గీశాడు. మళ్లీ ఎనభై దాటించి దిగి చూస్తే, గీత విరిగి సున్నం పక్కకి రాచుకుపోయి ఉంది. ఇరుసు మొత్తం అటూ ఇటూ జరుగుతోందన్నమాట.

మర్నాడు ఒక్కడే విప్పాడు. కట్టకీ బిళ్లకీ మధ్య, కదలకుండా బిగించి పట్టే రబ్బరు బుష్షులుంటాయి. కారు కొని మూడేళ్లు, ఇంకా చాలాకాలం ఉండాల్సినవి. ముద్దముద్దగా ఊడివచ్చి, పాకం చెడిన జీడిలా వేళ్లకి అంటుకున్నాయి. వాసన చూశాడు. తన పిచికారీ వాసన.

వెనకటి బండివాళ్లు ఇరుసుకి ఆముదంలో మసి కలిపి రాసేవారు. కర్రకీ ఇనుముకీ అది చలవ. ఎడ్లు పోయి కార్లొచ్చినా ఆ చలవ మీద నమ్మకం మాత్రం మిగిలింది. రబ్బరు చెట్టు పాలతో పుట్టిందనీ, ఇంజనాయిలు తాగితే ఉబ్బి కుళ్లిపోతుందనీ గవర్రాజుకి చెప్పినవాళ్లు లేరు. అంతకుముందూ ఇలాంటి బుష్షులు విప్పాడు. కంపెనీ సరుకు మంచిది కాదని పారేశాడు. ఈసారి ఆ వాసన చూశాక తప్పు కంపెనీ మీదికి నెట్టలేకపోయాడు.

ఇవీ కాలువలో పారేసి, కొత్తవి బిగించి, తొంభై దాకా తోలి చూశాడు. గీత గీసినట్టు వెళ్లింది.

సాయంత్రం భీమశంకరరావు వచ్చాడు. "ఏమయ్యా గవర్రాజూ, లోపం బండిలోనా, మీ బావలోనా? ఉన్నదున్నట్టు చెప్పు."

బుష్షులు పోయాయన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మూడేళ్ల బండికి ఎందుకు పోయాయంటాడు. పాతవి చూపించమంటాడు. లారీడు కంకరని చేత్తో తడిమి గాని దింపించుకోని మనిషి, అడక్క మానడు. ఈయనకి తెలిస్తే ఊళ్లో నూనె కొట్టించుకున్న ప్రతి కారూ వచ్చి షెడ్డు ముందు నిలబడుతుంది.

"నాలుగు బోల్టులు బిగించినానండి. బండికేటీ నేదు."

"నేననుకున్నదే" అన్నాడు భీమశంకరరావు.

సోమవారం ఎల్లారావుని మానిపించాడు. కొత్త డ్రైవరు తొంభై మీద తుని దాకా తోలుకెళ్లాడు, కారు చెక్కు చెదరలేదు. అంతకన్నా రుజువేం కావాలి?

అసిరమ్మ షెడ్డుకే వచ్చింది. "బండికేటీ నేదన్నావంట గదరా తమ్ముడూ? అంటే ఈయన సేతులే బాగోనేవని గదా?"

"నాను ఆ మాట అన్నేదే అక్కా."

"మరేటన్నావు?"

గవర్రాజు స్పానర్లు తుడుస్తూ కూర్చున్నాడు. ఆమె వెళ్లిపోయింది.

వానాకాలంలో ఒక పొద్దున్న, ఫిషింగ్ హార్బరు దగ్గర ఎల్లారావు కనిపించాడు. తోపుడుబండి మీద ఐసుదిమ్మలు వేసుకుని పడవల వైపు తోస్తున్నాడు. పలకరించకుండా తప్పుకుందామనుకునేలోపు అతనే బండి ఆపాడు.

"కారు తిన్నగా ఎల్తందంట గదా గవర్రాజూ?"

"ఎల్తంది బావా."

ఎల్లారావు చేతులు రెండూ ముందుకి చాచి చూసుకున్నాడు. ఐసుకి నాని, తెల్లబడి, నిజంగానే వణుకుతున్నాయి.

"బాబుగారన్నదే నిజం గాబోలు. ఆ దినం నువ్వు తోల్తే ఊగినట్టనిపించిందీ నా ఒంటి వణుకే. జబ్బు ఎనకాల ఉందనీసి, పాపం నువ్వే నా మీద పేణంకొద్దీ అబద్దం ఆడినావు" అన్నాడు.

గవర్రాజు కాదనలేదు.