ఇడ్లీ పిండిలో నిష్పత్తి

ఆ రోజుల్లో బెంగుళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏ మేడ మెట్లెక్కినా, ఏదో ఒక అంతస్తులో పిల్లల చదువును బాగుచేస్తున్న కంపెనీ ఒకటి కనిపించేది. బడిలో టీచర్లు ఇన్నేళ్ళూ చెయ్యలేకపోయిన పనిని ఆరునెలల్లో ఫోను చేత చేయిస్తామని వాటి నమ్మకం. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, అనంతపురం నుంచి ఒక సంచీతో దిగిన నాకు అలాంటి చోటే ఉద్యోగం దొరికింది. ఐదో తరగతి పిల్లలకు తెలుగులో నిష్పత్తుల లెక్కలు రాయడం నా పని. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఐదో తరగతి పిల్లలతో నేను చివరిసారి మాట్లాడింది నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడే. ఆఫీసులో దాన్నెవరూ లోటుగా చూడలేదు. (మా అంతస్తు మొత్తంలో బడికెళ్ళే కొడుకున్నది ఒక్క మేడమ్‌కే, ఆవిడా వాణ్ణి వీధి చివర ట్యూషన్‌కి పంపేది.)

మా పై అధికారిని చాటుగా ‘స్కేలు సార్’ అనేవాళ్ళం. ఎవరేం చెప్పినా ‘ఇది స్కేల్ అవుతుందా?’ అని, అంటే లక్షలమందికి పనికొస్తుందా అని అడిగేవాడు మరి. లెక్కల్లో నిజజీవితం ఉట్టిపడాలని ఆయన ఆజ్ఞ. నేను కుర్చీలోంచి లేవకుండా రోజుకు నలభై నిజజీవితాలు రాసేవాణ్ణి. ఎన్నడూ ముట్టని రంగులు కలిపాను, సూదిలో దారం ఎక్కించడం రాకపోయినా చొక్కాలకు గుడ్డ కత్తిరించాను. ఆ ఊపులోనే ఒక సాయంత్రం, ఇడ్లీల కోసం అమ్మ మినప్పప్పు, బియ్యం 3:1 నిష్పత్తిలో నానబెట్టిందనీ, పప్పు ఆరు గ్లాసులయితే బియ్యమెన్ని గ్లాసులనీ రాశాను. రెండింట్లో ఏది ఎక్కువ పోస్తారో నాకు తెలియదు, ఎవరినైనా అడగాలనీ తోచలేదు. నా పైన ముగ్గురు దాన్ని పరిశీలించారు. అమ్మే ఎందుకు నానబెట్టాలని ఒకాయన అభ్యంతరం చెబితే నాన్న చేత నానబెట్టించాం. పప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంతలో, తెలుగు విభాగాన్ని ఉంచాలో ఎత్తెయ్యాలో తేల్చడానికి, పెట్టుబడి పెట్టిన పెద్దమనిషి ఒక శనివారం వస్తున్నాడని తెలిసింది. ఎత్తేస్తే మేం నలుగురం ఇంటికే. ఆయన ముందు ఒక పిల్ల కూర్చుని ఆప్‌లో లెక్కలు చెయ్యాలి. తీరా ఆ పొద్దున, వస్తానన్న పిల్లకు జ్వరమని ఫోనొచ్చింది. స్కేలు సార్ నావైపు తిరిగి, “బాస్, టెన్ మినిట్స్‌లో ఒక ఫిఫ్త్ క్లాస్ కిడ్‌ని అరేంజ్ చెయ్. తెలుగు తెలిస్తే చాలు” అన్నాడు. బెంగుళూరు మొత్తంలో నాకు తెలిసిన పిల్ల ఒక్కతే, నేను రెండుపూటలా తినే మెస్సు అక్క కూతురు. వాళ్ళది మదనపల్లె వైపు. పిల్ల చదివేది కన్నడ బడిలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. (ప్రశ్నల్ని ఆప్ చదివి వినిపిస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు.) అక్కను అడిగితే, “పిల్చుకోని పో అప్పా. పన్నెండుకంతా తెచ్చి దింపు, దానికి డ్యాన్స్ క్లాసు ఉండాది” అంది.

పిల్ల మొదటి రెండు లెక్కలూ చిటికెలో చేసేసింది. పెద్దమనిషి తల పంకించాడు. మూడోది నా ఇడ్లీలు. విని, పిల్ల చెయ్యి వెనక్కు తీసుకుంది.

“టైం తీసుకో కన్నా, థింక్ చెయ్” అన్నాడు స్కేలు సార్.

“థింక్ చేసేదేముండాది సార్, రెండు గ్లాసులు.”

“మరి నొక్కు.”

“అట్ల పోస్తే ఇడ్లీ రాదు సార్, వడల పిండి అవుతాది. వాళ్ళ నాయనకు తెలీదేమో. పప్పు ఒకటి, బియ్యం మూడు పొయ్యల్ల.”

గడువు దాటడంతో ఆప్ తియ్యని గొంతుతో ‘మళ్ళీ ప్రయత్నించు’ అంది. నేను అనంతపురం బస్సు ఎన్నింటికో గుర్తు చేసుకోసాగాను. పెద్దమనిషి కళ్ళజోడు తీసి, “ఇది మీరు కావాలనే పెట్టారా?” అని అడిగాడు.

“అబ్సల్యూట్లీ సార్. పిల్లలు క్వశ్చన్‌నే క్వశ్చన్ చెయ్యాలి. ఇతనే డిజైన్ చేశాడు” అంటూ స్కేలు సార్ నా భుజం మీద చెయ్యి వేశాడు. అందరూ నావైపు చూశారు. నేను తలూపాను. నా జీవితంలో అంత వేగంగా ఏ లెక్కా చెయ్యలేదు.

తెలుగు విభాగం నిలిచింది. తిరిగి వెళ్తుంటే దారిలో పిల్ల, “అన్నా, నిజంగా కావాలనే రాసినావా?” అంది.

“ఊఁ.”

“మరి ఏసీలో కూడా నీకు చెమటలు పట్టె కదా.”

తెలియక రాశానని ఒప్పుకున్నాను. మెస్సు గడపలో చెప్పులు విప్పేలోగా ఆ సంగతి వాళ్ళమ్మకు చేరింది. అక్క నవ్వలేదు. నన్ను వంటింట్లోకి పిలిచి, చేతికి గ్లాసిచ్చి, పప్పూ బియ్యమూ కొలిచి పొయ్యమంది.

“ఈ గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లక్కా?”

“ఎన్నయితే ఏమప్పా? గ్లాసుతో కొలువు, చెంబుతో కొలువు. రెండిటికీ ఒకటే పెట్టు, అంతే.”

అప్పటికి రెండు వేల పైచిలుకు లెక్కలు రాశాను. నిష్పత్తి అంటే ఏమిటో ఒక్కచోటా ఇంత తేలిగ్గా చెప్పలేదు.

సోమవారం స్కేలు సార్‌తో నిజం చెప్పేశాను. “తెలుసు బాస్. కానీ అది ఆల్రెడీ ప్రెజెంటేషన్‌లోకి ఎక్కేసింది. ఇకనుంచి మిస్టేక్ అనకు, ఫీచర్ అను” అన్నాడు. అక్క మాటను పాఠంలో చేరిస్తే, చెంబు పరిమాణం స్పష్టంగా లేదని తిప్పి పంపారు. పైగా ఇకమీదట ప్రతి పది లెక్కల్లో ఒక తప్పు కావాలని పెట్టే బాధ్యత నాకు అప్పగించారు. కావాలని తప్పు చెయ్యాలంటే ముందు ఒప్పేదో తెలియాలి. దాంతో సాయంత్రాలు టైలర్ల దగ్గరా, గోడలకు రంగులేసేవాళ్ళ దగ్గరా, మేస్త్రీల దగ్గరా నిలబడి, ఏది ఎంత కలుపుతారో అడిగి రాసుకోవడం మొదలుపెట్టాను. నా చదువు నిజంగా మొదలైంది అప్పుడే అనుకుంటాను.

మరుసటి ఏడాదికి ఆ కంపెనీ లేదు. నేనిప్పుడు బెంగుళూరు శివార్లలో, జిగణి దగ్గర ఒక బడిలో ఐదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. మెత్తటి కుర్చీలో కూర్చుని ఊరందరి వంటిళ్ళనూ నడిపిన ఆ కుర్రవాడు గుర్తొస్తే మొదట సిగ్గేస్తుంది, తర్వాత ఎందుకో ముద్దొస్తాడు. ఎదురుపడితే వాణ్ణి తిట్టబుద్ధి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, “ముందు ఈ బియ్యం కడుగు నాయనా, లెక్కలు తర్వాత రాద్దువుగానీ” అనాలనిపిస్తుంది.