అంగడి లంగా

మొన్న వారపు అంగడికి మనవరాలు తోడు వచ్చింది. తోడన్నది పేరుకే; బేరమాడకుండా టమాటాలు కొని నా ప్రాణం తీసింది. తిరిగి వస్తుంటే, "అమ్మమ్మా, ఎండ మస్తు గొడ్తుంది, ముఖం మీదికి జర కొంగు గుంజుకో" అంది. "నాకేం గాదు, నువ్వు సంచి సక్కగ పట్టు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, అది సంచి భుజాన వేసుకుని నాకంటే ముందు ఇంటికి నడిచింది. దానికి నా సంగతి చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. నేను చదివింది మూడో తరగతే. అయినా రాసిపెడితే ఎప్పుడైనా చదువుకుంటుందిలే.

నేను మా నాయనకు పుట్టిన బిడ్డను కాను. రజాకార్ల భయానికి పల్లెలకు పల్లెలు ఇళ్లు వదిలి నడిచిన కాలంలో, ఒక గుంపు వచ్చి మెదక్ పెద్ద చర్చి ఆవరణలో తలదాచుకుందట. వాళ్లు వెళ్లిపోయిన పొద్దున, చర్చి బెంచీలు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగికి గోడ పక్కన నిద్రపోతూ నేను కనిపించాను. ఆ వడ్రంగే మా నాయన. పేరేమంటే చిట్టి అన్నానట, ఊరేదంటే మా ఊరు అన్నానట. చిట్టి లేని ఇల్లుందా, మా ఊరు అనని మనిషున్నాడా? వాళ్లకు పిల్లలు లేరు. అమ్మ ఆ పూటే నా తలకు నూనె రాసి తన బిడ్డను చేసుకుంది. నాయన మాత్రం చేసుకోలేదు. బాప్తిస్మం ఇప్పించి మంచి పేరు పెడదామని అమ్మ అడిగినప్పుడల్లా, "మంది బిడ్డకు మనం పేరు వెడ్తమా? కన్నోళ్లు దేవులాడుతుంటరు. రేపొచ్చి అడిగితే ఏం జెప్తవ్?" అనేవాడు.

పోలీస్ యాక్షన్ అయి దారులు తెరుచుకున్నాక మా వాడకట్టంతా స్థిమితపడింది. నా భయం మాత్రం అప్పుడే మొదలైంది, ఎందుకంటే తెరుచుకున్న దారుల్లో నా వాళ్లు వస్తారని నాయన నమ్మాడు. ప్రతి అంగడి రోజూ నాకు దొరికిన నాటి పచ్చ లంగా తొడిగించి, భుజాల మీద ఎక్కించుకొని అంగడి మొదట్లో నిలబడేవాడు. బట్ట చూసైనా గుర్తుపడతారని. నేను పెరుగుతుంటే లంగా పొట్టిదైపోయేది. అమ్మ అంచుకు ఒక పేలిక కలిపి కుట్టేది. ఒకసారి పాత చీర కొంగు, ఇంకోసారి దిండు గలీబు. "లంగా పెరుగుతనే ఉంది, వచ్చేటోళ్లే లేరు" అని సణుగుతూ సూదిలో దారం ఎక్కించేది. బట్ట పారేయకుండా వాడటం నేను నేర్చుకున్నది ఆ లంగా దగ్గరే. భుజాల మీద కూర్చుని నాయన తువ్వాలతో నా ముఖం దాచుకునేదాన్ని. ఆయన పైకి చూడకుండానే మెల్లగా లాగేసేవాడు. "తియ్యి బిడ్డా, ముఖం కనవడాలె." అన్నం ముందు ప్రార్థనలో నా కన్నవాళ్లను తొందరగా తోలుకురమ్మని అడిగేవాడు. పక్కనే కళ్లు మూసుకుని, తేవద్దని నేను అడిగేదాన్ని. ఒక్క పళ్లెం మీద రెండు అర్జీలు. పాపం దేవుడు ఏది వినాలి?

నేను భుజాల మీద కూర్చునే ఈడు దాటి, నాయన చెయ్యి పట్టుకుని నిలబడుతున్న రోజుల్లో కౌడిపల్లి దిక్కు నుంచి ఒక ముసలామె వచ్చింది. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. మా ముందు ఆగి, "ఏమయ్యా, గీ పోరి నీ బిడ్డేనా?" అంది.

నాయన నన్ను ఒక అడుగు ముందుకు జరిపాడు. "మా ఇంట్ల పెరుగుతుంది. చూడవ్వా, నిమ్మలంగ చూడు" అన్నాడు.

ఆమె కింద కూర్చుని, పేలికలన్నీ దాటి అసలు పచ్చబట్ట దాకా వేళ్లతో తడిమింది. తర్వాత నా జుట్టు పక్కకు జరిపి చెవి వెనక చూసింది. నాయన చెయ్యి నా వేళ్లను ఎంత గట్టిగా నొక్కిందంటే, నాకు ఏడుపు వచ్చింది ఆ నొప్పికే.

"మా పోరికి చెవెన్క పుట్టుమచ్చ ఉండె. గీమె గాదు" అంది ముసలామె. లేచి, కొంగు ముడి విప్పి, పుట్నాలు నా చేతిలో పోసింది. "దానికని తెచ్చిన. నువ్వు దిను బిడ్డా."

ఆ రోజు నాయన ఉప్పు కూడా కొనకుండా ఇంటికి నడిచాడు. ఎదిగిన పిల్లనని చూడకుండా నన్ను మళ్లీ భుజాల మీద ఎక్కించుకున్నాడు. వాకిట్లో దించి అమ్మతో, "ఇగ నాతోని గాదే. పాస్టరయ్యను అడిగి పేరు వెట్టిద్దాం" అన్నాడు. "గదేదో నేను జెప్పిననాడే వెడితే ఇన్ని పేలికలన్న మిగిలేటియి" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ. మరుసటి ఆదివారం నాకు పేరూ, ఇంటి పేరూ వచ్చాయి.

కోరుకున్నదే దొరికింది. కానీ తర్వాతి అంగడి రోజు నాయన ఒక్కడే పోతే, గడప మీద కూర్చున్న నాకు ముసలామె దుమ్ము కాళ్లు గుర్తొచ్చాయి. ఆమె తన పిల్ల కోసం అంత దూరం నడిచింది. నాకోసం ఎవరూ నడవలేదు. ఆ పుట్నాలు కూడా నావి కావు. నాయనకు చెబితే మళ్లీ లంగా తొడిగించి తీసుకుపోతాడని చెప్పలేదు. చెప్పకపోవడం అలవాటైంది. పెళ్లయినా, పిల్లలు పుట్టినా, ఇల్లంతా మంది ఉన్నా, ఆ గడప మీది పిల్ల లోపలికి రాలేదు.

ఇప్పుడు నాయన లేడు, అమ్మ లేదు. నన్ను గుర్తుపట్టాల్సినవాళ్లూ ఎక్కడా బతికి ఉండరు, ఆ మాత్రం లెక్క నాకు తెలుసు. అయినా అంగడి రోజు, ఎంత ఎండ కాసినా, నేను ముఖం మీదికి కొంగు లాక్కోను.